తీసుకొచ్చినవారి పేరు

వకీలు గుమాస్తాకు దెయ్యాల మీద నమ్మకం ఉండకూడదు. ఉంటే కేసు కట్ట విప్పడానికి చెయ్యి రాదు. మా ఆఫీసులో ప్రతి కట్టలోనూ ఎవరో ఒకరు చచ్చిపోయి ఉంటారు. మనిషిని గుద్ది ఆగకుండా వెళ్ళిపోయిన డ్రైవర్ల కేసులు చూడడం మా ఆదిమూలం వకీలు వృత్తి. ఊరంతా దుమ్మెత్తిపోసేవాడి తరఫున మాట్లాడడానికీ ఒకరు ఉండాలి కదా. ఆ ఒకరు ఆయన. ఆయన కళ్ళద్దాలు ఎక్కడ పెట్టుకున్నారో ఆయనకు చెప్పేవాణ్ణి నేను. నా పేరు కోదండరాం, ముప్పైయొక్క ఏళ్ళుగా ఈ పనిలోనే ఉన్నాను.

డ్రైవర్లందరిదీ ఒకే పాట. జనం కొడతారని భయపడి పోయాను సార్, అంటారు. ఆ పాట నేర్పేది నేనే. అబద్ధాలు నేర్పుతానని నన్ను తిట్టుకోకండి, సగం మందికి అది నిజమే. అయితే కొత్తగా వచ్చినవాణ్ణి ఏం జరిగిందని నేనెప్పుడూ అడగను. అద్దంలో ఏం కనిపించిందని అడుగుతాను. ఎంత వేగంగా పోయేవాడైనా ఒక్కసారి వెనక అద్దంలోకి చూడకుండా పోడు. చూడలేదని బొంకగలిగినవాడు కోర్టులో నిలబడతాడు. చూసింది చూసినట్టు చెప్పేవాడు బోనులో కూలిపోతాడు. నా అంచనా అంతవరకూ తప్పలేదు.

మునిరత్నం చూసింది చూసినట్టు చెప్పాడు.

అతనిది పెరంబూరు. తండ్రి కాటయ్య రైల్వే వర్క్‌షాపులో పని చేసి పోయాడు. మూడు తరాలుగా మద్రాసులో ఉన్న కుటుంబం. ఇంట్లో తెలుగే గానీ అందులో సగం అరవం. చదువూ రాతా అరవంలోనే. తెలుగులో అతనికి రాయడం వచ్చింది తన పేరు ఒక్కటే. క్వార్టర్సు నేల మీద సుద్దముక్కతో కాటయ్య నేర్పించాడు. పేరు కింద ఒక గీత, గీత కింద రెండు చుక్కలు. చుక్కలెందుకంటే, చక్రాలు లేకుండా రైలు పెట్టె ఎట్లా కదులుతుందిరా అన్నాడట. యాభై ఏళ్ళు వచ్చినా మునిరత్నం సంతకంలో ఆ చక్రాలు పోలేదు.

పద్నాలుగేళ్ళు షోళింగనల్లూరు ఆఫీసుల క్యాబు నడిపాడు. బండికి సొట్ట పడనివ్వలేదు. ఎవరైనా గొడుగు మరిచిపోతే మూడు మైళ్ళు వెనక్కి వెళ్ళి ఇచ్చి వచ్చే మనిషి. ఇలాంటివాడు ఆగకుండా ఎలా పోయాడని అడుగుతారేమో. పోయే ముందు నిమిషం వరకూ అందరూ ఇలాంటివాళ్ళే, నేను చూస్తూనే ఉన్నాను.

డిసెంబరు నెల, మధ్యాహ్నం రెండు దాటింది. కుండపోత వాన. మాధవరం బస్టాండులో ఎవరినో దింపి ఖాళీ బండితో వస్తున్నాడు. పాల కాలనీ దగ్గర పొన్నమ్మ అనే పెద్దామె తల మీద ప్లాస్టిక్ పట్టా కప్పుకుని రోడ్డుకు అడ్డం పడింది. ముందు ఆ పట్టా అద్దానికి అతుక్కుంది, తరవాత చప్పుడు వినిపించింది. అతని కాలు బ్రేకు మీదికే పోయింది. బండి ఆగింది కూడా. రోడ్డు మీద పురుగు లేదు. ఏమైందో ఏమో, కాలు మళ్ళీ పక్కకు జరిగింది.

"అద్దంలో ఎవరో కనిపించినారన్నా," అన్నాడు. "నా మాదిరే కాకీ చొక్కా. ఆయమ్మ పక్కన కూర్చోని తల ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు. సరి, ఎవరో వచ్చినారు, ఇంక పరవాలేదు అని పోయినా."

వీడు బోనులో నిలబడేవాడు కాదని అప్పుడే అనుకున్నాను.

తిన్నగా ఇంటికెళ్ళి, బండి వీధిలో ఆపి, ఆ వానలోనే గంటసేపు కడిగాడట. వానలో ఎవరైనా బండి కడుగుతారా అని పరిమళ గొడుగు పట్టుకొచ్చి తిట్టింది. పరిమళ అతని భార్య. అతను తలెత్తి చూడలేదు. తరవాత ఆమె నాతో అన్న మాట నాకు ఇప్పటికీ మరపు రాదు.

"చేతులు కడుగుతా ఉండాయి గానీ మనిషి ఈడ లేడన్నా."

పొన్నమ్మ ఆ సాయంత్రమే ఆసుపత్రిలో పోయింది. మూడో రోజు పోలీసులు వచ్చారు. సందు చివర కెమెరాలో బండి నంబరు పడింది. బెయిలు దొరికింది గానీ కేసు గట్టిదే. గుద్దినందుకు ఒకటి, సాయం చేయకుండా వెళ్ళిపోయినందుకు ఒకటి. మొదటిది నెగ్గుకు రావచ్చు, బండి వేగం తక్కువేనని కెమెరాలోనే ఉంది, అన్నారు మా వకీలు. రెండోదే మెడకు ఉరి. తప్పు లేనివాడు ఎందుకు పోయాడని జడ్జి అడిగితే చెప్పడానికి ఏముంది? లైసెన్సు పోతుంది, జైలూ తప్పదు. ఇంట్లో పెళ్ళామూ ఇద్దరు పిల్లలూ అతని చేతి మీదే బతుకుతున్నారు.

పోలీసులు ఇచ్చిన కేసు కాగితాల నకళ్ళు పూర్తిగా చదివే మూర్ఖుణ్ణి లోకంలో నేనొక్కణ్ణే. వకీలు చదవరు, రాసిన ఇన్‌స్పెక్టరు అసలే చదవడు. ఆసుపత్రి ప్రమాదాల రిజిస్టరు నకలులో 'తీసుకొచ్చినవారి పేరు' అని ఒక గడి ఉంటుంది. అక్కడ ఎప్పుడూ అంబులెన్సు అనో, దారిన పోయేవారు అనో రాసి ఉంటుంది. ఈసారి ఒక పేరు ఉంది. మునిరత్నం, తండ్రి కాటయ్య, డ్రైవరు, పెరంబూరు. సమయం రెండు యాభై. పక్కన తెలుగులో సంతకం. కింద గీత. గీత కింద రెండు చుక్కలు.

అతను మాకు సంతకం చేసి ఇచ్చిన వకాల్తా తీసి పక్కన పెట్టి చూశాను. ఫ్యాను ఆపేసి మళ్ళీ చూశాను. ఒకే చెయ్యి.

మర్నాడు అతన్ని పిలిపించి కాగితం ముందుకు తోశాను. ఆసుపత్రికి పోయిన సంగతి నాకెందుకు చెప్పలేదని కేకలేశాను. అతను ఆ సంతకం మీద వేలు పెట్టి చాలాసేపు రాశాడు, నేర్చుకునే పిల్లాడు దిద్దినట్టు.

"నేను పోలేదన్నా. రెండు యాభైకి ఇంటికాడ బండి కడుగుతా ఉండా. పరిమళను అడుగు."

"మరి సంతకం?"

"నాదే. నేను పెట్టలా."

వకీలుకు ఇవేవీ పట్టలేదు. వాళ్ళ కాగితమే వాళ్ళ కేసును చంపింది, కూర్చున్న కొమ్మ నరుక్కున్నారు, అని తొడ చరుచుకున్నారు. ముద్దాయి నోరు విప్పనక్కర్లేదు, కాగితమే మాట్లాడుతుంది అన్నారు. మునిరత్నం మాత్రం మెట్ల దగ్గర నా చెయ్యి పట్టుకుని, చేసింది వేరేవాడు, వాడి పుణ్యం నేనెట్లా తీసుకునేదన్నా అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. పుణ్యం సంగతి పిల్లలు పెద్దయ్యాక చూసుకో, ఇప్పుడు నోరు మూసుకో అన్నాను. మూసుకున్నాడు. ఆ పాపం నాది.

కోర్టులో ఆ ఆసుపత్రి నర్సు షీబా సాక్ష్యం చెప్పింది. పెద్దామెను తీసుకొచ్చిన మనిషి ఇక్కడ ఉన్నాడా అని మా వకీలు అడిగారు. ఆమె వెతకనైనా లేదు. తిన్నగా మునిరత్నం వైపు చెయ్యి చూపింది. ఆటోలో తెచ్చాడు, గంటసేపు ఆమె చెయ్యి వదలకుండా కూర్చున్నాడు, పోయాక కళ్ళు మూసింది కూడా ఆయనే, అంది. మునిరత్నం కూలిపోలేదు. ఎవరో పిలిచినట్టు వెనక్కి తిరిగి తలుపు వైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు. ఆ తరవాత రెండు నెలలకు కేసు కొట్టేశారు.

సాక్ష్యం అయిన రోజే వరండాలో షీబా మా దగ్గరకు వచ్చింది. ఆమెదీ ఇక్కడి తెలుగు ఇల్లే. ఆ రోజు మీ చొక్కాలోంచి నీళ్ళు కారడం ఆగనే లేదు, ఆయమ్మ రెండు తూర్లు తుడిచింది, జ్వరం గిరం రాలేదు కదా అని అడిగింది. ఆయమ్మంటే వార్డు ఊడ్చే ఆమె. పెద్దామె ఏమైనా చెప్పిందా అని మునిరత్నం అడిగాడు.

షీబా వింతగా చూసింది. "మీ చెవిలోనే కదన్నా చెప్పింది. మీరు సరేనమ్మా, మాట ఇస్తా ఉండా అన్నారు. అది విన్నాకే ఆమె నిమ్మళంగా పోయింది. ఇంతలోనే మరిచిపోయినారా?"

ఇది జరిగాక మునిరత్నానికి అన్నం సహించలేదు. తాను ఇచ్చిన మాట ఏమిటో తనకే తెలియదు. పాల కాలనీలో పొన్నమ్మ ఇంటికి వెళ్ళాడు. బండి నాదేనని చెప్పి గుమ్మంలో నిలబడ్డాడు. వాళ్ళు తిట్టారు, తిట్టనిచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు. ముసలామెకు ఏ కోరిక ఉండేదని అడిగాడు. ఆవుకు కాలు బాగాలేదని బాధపడేది అంటే పశువుల డాక్టరును తీసుకెళ్ళాడు. మనుమరాలు సరణ్య పరీక్ష రాయాలని అనేది అంటే ఆ పిల్లను రోజూ దింపి వచ్చాడు. పైకప్పు కారేదంటే తానే ఎక్కి తారు పూశాడు. ప్రతిసారీ నా దగ్గరకు వచ్చి, ఇదేనంటావా అన్నా అని అడిగేవాడు. నాకెలా తెలుస్తుంది?

కేసు కొట్టేసిన తరవాతి ఏప్రిల్‌లో ఒకరోజు వచ్చి బల్ల మీద కూర్చున్నాడు.

"అన్నా, వాన్ని పిలిపించేదానికి వీలౌతుందా? సమన్లు మాదిరి."

"ఎవర్ని?"

"తీసుకొచ్చినవాన్ని."

"ఏ అడ్రసుకు పంపమంటావు?"

"నా అడ్రసుకే పంపు."

పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికి ఒకడు. ఆ మాట నోటిదాకా వచ్చింది, అనలేకపోయాను. వకీలుకు తెలియకుండా ఆఫీసు కాగితం మీదే అరవంలో టైపు చేశాను. పొన్నమ్మకు తమరు ఏమి మాట ఇచ్చారో తెలియజేయవలెను, అని ఒక్క వాక్యం. అందినట్టు సంతకం చేసే కార్డు జతచేసి పోస్టు చేశాను. అతని మనసు కుదుటపడుతుందని చేశానే గానీ ఇంకేమీ ఆశించలేదు.

కార్డు తిరిగి వచ్చింది. సిరా నీళ్ళకు చెదిరిపోయి ఉంది. ఆ వారమంతా మద్రాసులో చినుకు పడలేదు. గీతా, రెండు చుక్కలూ మాత్రం స్పష్టంగా ఉన్నాయి. తేదీ బుధవారంది. బుధవారం ఉదయం పది నుంచి సాయంత్రం దాకా మునిరత్నం నా ఎదురుగా ఈ బల్ల మీదే ఉన్నాడు.

పరిమళకు ఫోను చేశాను. ఆమెకు నా ప్రశ్నే అర్థం కాలేదు. ఆయనే తీసుకున్నాడు కదన్నా, రెండు గంటలకు వచ్చినాడు, ఈ ఎండలో ఏడ తడిసినావని అడిగితే పలకలేదు, అంది. ఉత్తరం చదివి మడిచి గుమ్మం మీద పెట్టాడట. లోపలికి రా, అన్నం తినిపో అని పిలిచిందట.

"అప్పుడు ఒక మాట అన్నాడన్నా. నన్ను వదిలిపెట్టి పోవద్దు నాయనా అనింది ఆ పెద్దామె, పోనని చెప్పినా, ఆమె కాడికే పోతా ఉండా, అన్నాడు. అట్లనే తిరిగి పోయినాడు. నాకు ఏమీ అర్థం కాలా."

నేను ఫోను పెట్టేశాను. సాయంత్రం మునిరత్నం వచ్చాడు. దాచడానికి నాకు మనసొప్పలేదు. కార్డు చేతికిచ్చి, పరిమళ చెప్పింది చెప్పినట్టు చెప్పాను. అతను ఏడవలేదు. ఆ రెండు చుక్కల మీద బొటనవేలు పెట్టి ఉంచాడు.

"అట్లయితే ఆ పొద్దు ఆగినవాడు ఇంక ఇంటికి రాడా అన్నా?"

ఎందరో డ్రైవర్లకు కోర్టులో ఏమనాలో నేర్పి పంపినవాణ్ణి. ఆ పూట అతనికి ఏమీ నేర్పలేదు, ఆఫీసుకు తాళం వేసి అతనితో పాటు పెరంబూరు దాకా వెళ్ళాను.