వెచ్చగా ఉన్నప్పుడే చూడాలి

సీసా మూత తీయగానే ఘాటు ముక్కుకు కొట్టింది. నిలవ మూత్రం. పొద్దున ఆవరణలో కట్టేసిన గేదె దగ్గర పట్టి, మధ్యాహ్నం దాకా కిటికీలో వదిలేశారు. "నార్మల్ అని రాసెయ్యండి సార్" అన్నాడు తెచ్చిన అసిస్టెంటు. నాకు మార్తమ్మ గుర్తొచ్చింది. ఆమె పోయి నెలయింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, దమ్మపేట వైపు ఒక పశువుల దవాఖానాలో నేను జూనియర్ డాక్టరుగా చేరాను. మార్తమ్మ అక్కడ అటెండరు. ఊడ్వడం, సూదులు ఉడకబెట్టడం ఆమె పని. మైక్రోస్కోపు చూడటం కాగితం మీద పెద్ద డాక్టరు పని. ఆయన దానిలో కన్ను పెట్టగా నేనెన్నడూ చూడలేదు. చూసేది మార్తమ్మే. అంతకుముందున్న డాక్టరు నేర్పారట. చేత్తో తిప్పే యంత్రంలో మూత్రాన్ని తిప్పి, అడుగున దిగిన మడ్డిలోంచి ఒక చుక్క గాజుపలక మీద వేసేది. కరెంటు లేకపోతే మైక్రోస్కోపు అద్దాన్ని కిటికీ వైపు తిప్పుకునేది. "వెచ్చగున్నప్పుడే సూడాలె సారూ. నిలవుంటే అది అబద్ధాలు చెప్తది" అనేది.

ఒక తొలకరిలో ముత్తయ్య అనే కోయ రైతు తన ఎద్దును తోలుకొచ్చాడు. ఉన్న ఒక్క జతలో అది ఒకటి. మూత్రం ఎర్రగా, చుక్కలు చుక్కలుగా పడుతోంది. మార్తమ్మ మగ్గు పట్టుకుని గంటసేపు ఎద్దు పక్కన కూర్చుంది. తర్వాత నన్ను పిలిచి చూపించింది. రక్తకణాలు, వాటి మధ్య చిన్న పెట్టె మూతల్లా మెరిసే స్ఫటికాలు.

"రాయి ఉంది సారూ. దారి మూసుకపోకముందే ఆపరేషన్‌కు ఖమ్మం పంపుండ్రి" అని ఆమె పెద్ద డాక్టరుతో చెప్పింది.

ఆయన కుర్చీలోంచి లేవలేదు. "పిడుదులు కుట్టి వచ్చే జ్వరం, మూత్రం ఎర్రగ అందుకే. ఇంజక్షన్ చేస్తే పోతది. నిలవ మూత్రంల గసుంటియి నూరు కనబడ్తయ్."

"నిలవది కాదు సారూ, ఇప్పుడే నేనే పట్టిన. చెయ్యి పెట్టి సూడుండ్రి, ఇంకా వెచ్చగనే ఉంది."

"ఏందీ? చీపురు పట్టెటోళ్లు నాకు రోగాలు చెప్తరా?"

రిజిస్టరులో "స్ఫటికాలు లేవు" అని రాసి, సంతకం కోసం నా వైపు జరిపాడు. పెట్టాను.

మూడో రోజు ఎద్దు చచ్చిపోయింది. కోసి చూస్తే మూత్రనాళం వంపులో శనగగింజంత రాయి, పగిలిన మూత్రాశయం. ఆలస్యంగా తెచ్చావని పెద్ద డాక్టరు ముత్తయ్యనే తిట్టాడు. మార్తమ్మ రాయిని కడిగి ముత్తయ్య అరచేతిలో పెట్టింది.

"నువ్వు ఆలస్యం జెయ్యలే తమ్మీ. మేమే జేసినం. సూసి గూడ నీకు చెప్పలే."

"ఒక్క ఎద్దుతోని ఎట్ల దున్నాలె అక్కా?" అన్నాడు ముత్తయ్య.

మరునాడు మైక్రోస్కోపును బీరువాలో పెట్టి తాళం వేశారు. ముట్టకూడదని ఆమెకు మెమో ఇచ్చారు. నేనున్నన్నాళ్లూ ఆ తాళం తీయలేదు. రిజిస్టరులో మాత్రం రోజూ "పరీక్షించబడినది". అవి రాసినాయనకు రిటైరైన రోజు శాలువా కప్పారు. మార్తమ్మ పేరున ఆ దవాఖానాలో మిగిలింది ఆ మెమో ఒక్కటే. ఇన్నేళ్లయినా నాకు ఒళ్లు మండుతుంది. నా సంతకం గుర్తొస్తే ఇంకా మండుతుంది. "మేమే" అన్నప్పుడు ఆమె తననూ మాలో కలుపుకుంది. నిజానికి నోరు తెరిచింది ఆమె ఒక్కతే.

అసిస్టెంటు ఇంకా నిలబడే ఉన్నాడు. రిపోర్టులో "చూడలేదు" అని రాసి, సీసా పారబోశాను. మగ్గు కడుక్కుని, వెళ్లి గేదె వెనక నిలబడ్డాను.