హోల్డాన్, రైట్ రైట్

ఇందుమూలంగా కల్వకుర్తి బస్టాండు వెనక గల్లీ జనానికి తెలియజేయునది ఏమనగా, ఇక మీదట ఎవరి గోడ గడియారాన్ని వారు ఐదు నిమిషాలు వెనక్కి తిప్పుకోవచ్చు. లేటయిందని తిట్టే మనిషి లేడు. మా కంట్రోలర్ కాక మొన్న పొద్దున చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, కుర్చీలోనే కన్నుమూశాడు.

కాక నాకు చుట్టం కాదు. నా ఫొటో స్టూడియో పక్కిల్లే ఆయనది. బస్టాండులో కంట్రోలరుగా చేసి రిటైరయ్యాడు. ఎవరూ లేటు కావద్దని గల్లీలో అందరి గడియారాలనూ ఐదు నిమిషాలు ముందుకు పెట్టించింది ఆయనే. ఏ బస్సు ఎప్పుడు కదలాలో చెప్పీ చెప్పీ, ఇంట్లో కూడా అదే భాష. ఆపమనడానికి ‘హోల్డాన్’, కదలమనడానికి ‘రైట్ రైట్’. ఆయన భార్యను మేం చిన్నమ్మ అనేవాళ్లం. ఆమె అన్నం వడ్డిస్తుంటే చాలు అనడానికి కూడా ‘హోల్డాన్’ అనేవాడు. అందుకే పాడె లేచినప్పుడు నేను గట్టిగా ‘రైట్ రైట్’ అన్నాను. ఏడుస్తున్న వాళ్లంతా ఫక్కున నవ్వారు.

తెలంగాణ వచ్చిన కొత్తలో పెళ్లి వీడియోలు కలపడానికి నేనే ఒక కంప్యూటరు బిగించుకున్నాను. పదో తరగతి గట్టెక్కని బుర్ర ఊరుకుంటుందా? యూట్యూబులో చూసి, కంపెనీ పెట్టిన వేగం కన్నా ఎక్కువ వేగంతో ఉరికించాను. దాన్ని ఓవర్‌క్లాక్ అంటారని కాకకు గొప్పగా చెప్పాను.

“క్లాకంటే గడియారమే గదరా. నేను ఐదు నిమిషాలు ముందుకు వెట్టినట్టేనా?”

“గంతే కాకా.”

“మరి నా గడియారం ఎన్నడన్న ఆగిందారా?”

నాది ఆగేది. చెప్పాపెట్టకుండా తెర నల్లబడి, ఫ్యాన్లు చప్పబడి, మొత్తం చచ్చి ఊరుకునేది. ఒకరోజు చాయ్ తాగేలోపు, ఇంకో రోజు సగం పూట నడిచాక. పెళ్లివాళ్లయితే నన్ను నాలుగు తిట్టి ఆగుతారు. కానీ అప్పుడు నా చేతిలో కాక తెచ్చిన క్యాసెట్టు ఉంది. ఆయన రిటైర్మెంటు ఫంక్షన్‌ది. అంతకు ముందు ఏడే పోయిన చిన్నమ్మ అందులో మైకు పట్టుకుని మాట్లాడుతుంది. ఆమె గొంతు ఇంకెక్కడా లేదు. టేపుకు బూజు పట్టింది. దాన్ని కంప్యూటర్లోకి ఎక్కిస్తుంటే మధ్యలో ఆగిపోవడం, నేను మళ్లీ మొదటి నుంచి తిప్పడం, తిప్పినప్పుడల్లా బొమ్మ మీద గీతలు పెరగడం. ఇట్లాగే పోతే చిన్నమ్మ మాట దాకా వచ్చేసరికి టేపే మిగలదు.

“హోల్డాన్!” అన్నాడు కాక. “టేపు ముట్టకు. ముందుగాల గీ డబ్బా సంగతి చూడు.”

నేను ఒక్క ఊపున అన్నీ పీకబోతే చెయ్యి పట్టుకున్నాడు. “బస్సు నిండ జనముంటే అల్లరి చేసెటోడెవడో ఎట్ల దొర్కుతడు? ఒక్కొక్కన్నే దించు. దించినంక నడిపి చూడు.”

మొదట పెంచిన వేగాన్ని దించాం. అప్పుడూ ఆగిపోయింది, కానీ చాలా ఆలస్యంగా. మెమరీ ముక్కలు ఒకటొకటిగా తీసి చూశాం. తేడా లేదు. కాక గడ్డం గోక్కున్నాడు.

“ఉరికిస్తే జల్ది, మెల్లగ పోనిస్తే లేటుగ. ఏడనో గరమైతాందిరా. గాలి ఏడ తీస్కుంటదిది?”

కరెంటు పంచే పవర్ సప్లై డబ్బా వెనకవైపు ఉంటుంది. తాకితే చెయ్యి చురుక్కుమంది. చల్లారాక విప్పి చూస్తే దాని ఫ్యాను నిండా ఎండిన బంతిపూల రెక్కలు. దసరాకు డిపోలో బస్సులకు వేసినట్టే నా కంప్యూటరుకూ దండ వేసి, దాన్ని తియ్యనివ్వని మహానుభావుడు ఎవరో కాదు.

“నా పూలేరా!” అన్నాడు కాక, మొహం చిన్నబోయి.

“నీ భక్తి తగలెయ్య! దీని గొంతు పిస్కింది నువ్వే కాకా.”

రెక్కలన్నీ ఊది, బిగించి, మామూలు వేగం మీదనే వదిలాం. టేపు చివరి దాకా నడిచింది. గీతల నడుమ చిన్నమ్మ వచ్చింది. “గీయన రిటైర్ అయిండు గని, నాకు రిటైర్మెంటు ఏడిది? రేపటి సంది నన్నే టైముకు నడిపిస్తడు” అని నవ్వి, మైకు ఇచ్చేసి వెళ్లబోయింది.

“హోల్డాన్” అన్నాడు కాక, మెల్లగా.

బొమ్మ ఆపాను. చాలాసేపు అట్లాగే ఉంచాను. ఆయనే తలుపు వైపు చూస్తూ “రైట్ రైట్” అన్న తర్వాత వదిలాను.

ఆ కంప్యూటరు మళ్లీ ఆగలేదు. కానీ కాక ఇంట్లో ఒంటరిగా కూచున్నాడని అనిపించిన పూటల్లా నేనే ప్లగ్గు గుంజి, “కాకా, హోల్డాన్!” అని కేకేసేవాణ్ని. స్క్రూడ్రైవరు పట్టుకుని వచ్చేవాడు. ఒకనాడు కింద ఊగుతున్న ప్లగ్గు వైపు చూశాడు.

“నువ్వే గుంజుతున్నవు గద?”

“అవ్ కాకా.”

“మంచిదే. చాయ్ చెప్పు.”

పనిలో చెయ్యి తొందరపడినప్పుడల్లా నాకు ఇప్పటికీ ఆయన మాటే వినిపిస్తుంది, ఒక్కొక్కన్నే దించు అని. స్టూడియో గడియారాన్ని మాత్రం నేను వెనక్కి తిప్పలేదు.

ఇంకొక్క సంగతి. పాడె లేచినప్పుడు నేను ‘రైట్ రైట్’ అన్నానని, అందరూ నవ్వారని పైన రాశాను. అది ఉత్త కల్పన. అట్లా అనాలని పాడె కడుతున్నంతసేపూ అనుకున్న మాట నిజం. తీరా నలుగురూ ఆయన్ను భుజాలకెత్తుకున్నాక నా నోట వచ్చింది ‘హోల్డాన్’.

ఎవరూ ఆగలేదు.