జింకకొమ్ముల ఫెర్న్‌కు గంజి

మా బాల్కనీ గోడ మీద చెక్కకు కట్టి వేలాడదీసిన జింకకొమ్ముల ఫెర్న్ ఉంది. మట్టి అక్కర్లేని మొక్క. అడవిలో చెట్ల బెరడును పట్టుకుని బతకాల్సింది, బెంజ్ సర్కిల్ దుమ్ములో నన్ను నమ్ముకుని బతుకుతోంది. వారానికోసారి బకెట్ నీళ్ళలో ముంచి తీస్తాను. ఆకుల మీద తెల్లటి నూగు ఉంటుంది, దాన్ని ఎవరినీ తాకనివ్వను.

ఈ వేసవిలో ఆ ఆకులు అట్టకట్టాయి. పుల్లటి వాసన, చీమల బారు. మొక్క మొదలు దగ్గర కుళ్ళు కూడా పట్టింది. ఇలాగే సాగితే మొక్క దక్కదు.

నా అనుమానం తిన్నగా ఎదురు ఫ్లాట్ ఆవిడ మీదికి పోయింది. అంతకుముందు పిలక అడిగితే నేనివ్వలేదు. "పోనీలెండి, మీ మొక్క మీ దగ్గరే చల్లగా ఉండనివ్వండి" అని నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. పైగా మా ఇంటి రెండో తాళంచెవి ఆవిడ దగ్గరే ఉంటుంది. మధ్యాహ్నం మా అత్తగారు కునుకు తీస్తే ఇంట్లోకి ఎవరొచ్చిందీ తెలీదు. అనుమానం పెనుభూతమంటారు. నా భూతం ఎదురు తలుపు వెనకే కాపురముంది. మావారు తన తాళంచెవి పారేసుకున్నారని అబద్ధమాడి, ఆవిడ దగ్గరున్నది వెనక్కి తెచ్చుకున్నాను.

అయినా చీమలు పోలేదు.

ఓ రోజు ఆఫీసు నుంచి మధ్యాహ్నమే వచ్చేశాను. బాల్కనీలో మా అత్తగారు, పక్కన గంజి గిన్నె. వాలిన ఒక్కో ఆకునూ అరచేతిలో పరుచుకుని, తడిగుడ్డతో కొస దాకా గంజి పట్టిస్తోంది. పెడనలో ఏళ్ళ తరబడి మగ్గం పడుగు దారాలకు గంజి పెట్టిన చెయ్యి అది.

నాకు ఒళ్ళు మండింది. "ఏం చేస్తున్నారత్తయ్యా?"

"నీ మొక్క వాలిపోతందమ్మా. గంజి తగిల్తే నిలబడుద్దని."

"దాని తీరే అంత. గంజి పెడితే చచ్చిపోతుంది."

ఆవిడ గుడ్డ కింద పెట్టేసింది. "ఈ ఇంట్లో గంజి ఎవరిక్కావాలి? నీ చీరలకి ఇస్త్రీ కూడా అక్కర్లేదాయె. రోజూ వార్చి సింకులో పారబొయ్యాలంటే చెయ్యి రావట్లా."

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టుకున్నాక ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆకులన్నీ కడిగాను, కుళ్ళింది తీసేశాను. పచ్చగా మిగిలిన పిలకను వేరే చెక్కకు కట్టి, తాళంచెవితో పాటు ఎదురింట్లో ఇచ్చాను. అత్తగారికి అందని చోట ఒకటి ఉండడం మంచిదనిపించింది. తర్వాత బీరువా అడుగునున్న నూలు చీరలన్నీ తీసి అత్తగారి ముందు పెట్టాను.

ఇప్పుడు ఆఫీసుకు పెళపెళలాడుతూ వెళుతున్నాను. సాయంత్రం చెప్పులు విప్పగానే బాల్కనీలోకి పోయి ఆకు వాసన చూస్తాను. వంటింట్లోంచి ఆవిడ గొంతు వినిపిస్తుంది.

"పెట్టలేదులేమ్మా."