రాతి బెంచీలో ఖాళీ సగం

మా చుట్టుపక్కల ఊళ్లలో చనిపోయినవాళ్లు చాలామంది మా టౌన్ పార్కులోనే ఉన్నారు. ఈ మాట నేను అంటే మా ఆయనకు కోపం వస్తుంది కానీ, అబద్ధమైతే కాదు. అనంతపురంలో మాది చిన్న ఫొటో స్టూడియో. పెళ్లిళ్లకు, వీడియోలకు ఆయన వెళతాడు. కంప్యూటర్ ముందు కూర్చునే పని నాది. అందులో సగం పటాల పనే. ఇంట్లో ఎవరైనా పోతే దినాలనాటికి పటం కావాలి. మనిషి బతికున్నన్నాళ్లూ ఒక మంచి ఫొటో తీయించాలని ఎవరికీ తోచదు. పోయాక ఆధార్ కార్డో, ఎవరి పెళ్లిలోనో గుంపు మధ్య నిలబడ్డ ఫొటోనో పట్టుకొస్తారు. నేను అందులోంచి ఆ మనిషిని కత్తిరించి, ముఖం మీద వెలుతురు సరిచేసి, వెనక కొత్త దృశ్యం పెడతాను. వజ్రకరూరు పక్కనుంచి వచ్చిన రైతులైనా, గుంతకల్లు రైల్వేవాళ్లయినా, చర్చికి పోయే ఇళ్లవాళ్లయినా అడిగేది ఒకటే. "ఎనక పచ్చగా ఉండాలక్కా" అంటారు.

రెడీమేడ్‌గా దొరికే జలపాతాలు, మంచుకొండలు నాకు గిట్టవు. జన్మంతా శెనక్కాయ చెట్లు పీకిన మనిషిని తీసుకెళ్లి ఏ స్విట్జర్లాండులోనో నిలబెడితే ఇంట్లోవాళ్లే గుర్తుపట్టరు. అందుకే ప్రతి చలికాలం కెమెరా తీసుకుని మా పెద్ద పార్కుకు వెళ్లి, నా బ్యాక్‌గ్రౌండ్లు నేనే తీసుకుంటాను. ఎండాకాలంలో ఆ పార్కు ముఖం చూడలేం. పచ్చిక గోధుమరంగుకు తిరిగి, అక్కడక్కడా ఎర్రమట్టి బయటపడి ఉంటుంది. వెనకవాన బాగా పడిన ఏడు మాత్రం, నవంబరు దాటిన కొన్ని వారాలు, ఇది మా ఊరేనా అనిపిస్తుంది. పొద్దున్నే ఎండ ఏటవాలుగా చెట్ల కింద నుంచి దూరి వస్తుంది. దుమ్ము అణిగి ఉంటుంది. కాగితంపూల పొదలు విరగబూసి ఉంటాయి. ఎప్పుడో ఒకరోజు మంచు కూడా పడుతుంది.

నాకు కావలసింది మనుషులు లేని పార్కు. మంకీ టోపీలు పెట్టుకుని నడిచేవాళ్లు అటు తిరిగేదాకా కాచుకుని, ఖాళీ దారిని, ఖాళీ బెంచీని, చెట్టు కింద ఖాళీ నీడను తీస్తాను. ఒకసారి ఒక పెద్దాయన నన్ను చాలాసేపు చూసి, "ఏమ్మా, మనుషుల్ని తియ్యవా?" అని అడిగాడు. "మనుషుల్ని తర్వాత పెడతా సార్" అన్నాను. ఎట్లా పెడతావని అడిగితే చెప్పాను. ఆయన మర్నాటినుంచి నేను కనబడితే ఇంకో దారిన నడిచేవాడు.

మా అమ్మను కూడా అక్కడే పెట్టాను. ఆమె పోయినప్పుడు చూస్తే బాగున్న ఫొటో ఒక్కటే దొరికింది. మా పిన్ని కూతురి పెళ్లిలో, భోజనాలయ్యాక, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని వక్కాకు నములుతూ పక్కన ఎవరినో చూసి నవ్వుతోంది. ఆ పక్కన ఉన్నది ఎవరో ఫొటోలో లేరు. నేను కుర్చీ తీసేసి, పార్కులో నాకు బాగా ఇష్టమైన రాతి బెంచీ మీద ఆమెను కూర్చోబెట్టాను. నాపరాళ్లతో కట్టిన పాత బెంచీ అది. వెనక ఎర్ర కాగితంపూలు, ఆ వెనక పలచగా మంచు. పటం నిలువుగా ఉండాలి కనుక బెంచీ మొత్తం పట్టలేదు. అమ్మ ఎడమ చివరన కూర్చుంటే, కుడిపక్క బెంచీ కొంచెం ఖాళీగా కనబడి ఫ్రేము దగ్గర తెగిపోతుంది. టౌనుకు ఎప్పుడొచ్చినా ఆస్పత్రికి వచ్చి పోవడమే తప్ప, అమ్మ ఆ పార్కులో ఒక్కసారీ కాలు పెట్టలేదు.

అమ్మ పోయాక మా నాయన చేను కౌలుకిచ్చి నా దగ్గరికే వచ్చేశాడు. నేను ఒక్కదాన్నే కూతుర్ని. పగలంతా హాల్లో, అమ్మ పటానికి ఎదురుగా ఉన్న మంచం మీద కూర్చుంటాడు. గాలి బాగా తగులుతుందని అక్కడ కూర్చుంటున్నాడనుకునేదాన్ని. పోయిన చలికాలంలో ఒకరోజు భోజనం చేస్తూ, "నా పటం గూడా ఇప్పుడే చేసిపెట్టు పాపా" అన్నాడు.

"ఇప్పుడేం తొందరొచ్చింది నాయనా?" అని కసిరాను.

"తొందరేం లేదు. నేను పోయినంక నువ్వు ఏడుస్తా ఆ ఆధార్ కార్డు తీసుకుంటావు. దాంట్లో నేను దొంగోని మాదిరుండాను."

అదీ నిజమే. సరే, చేసేదేదో బాగా చేద్దామనుకున్నాను. నిజం చెప్పాలంటే నాకు కొంచెం ఉత్సాహం కూడా వచ్చింది. ఇన్నేళ్లూ అడిగినవాళ్లందరికీ అరువు పచ్చదనం అంటించాను, మా నాయనకు మాత్రం అలా చేయకూడదు, ఆయన నిలబడాల్సింది ఆయన చేలోనే అనుకున్నాను. ఆదివారం ఊరికి వెళ్లి చేను ఫొటో తీసుకొచ్చాను. ఎర్రమట్టి, గట్టు మీద తుమ్మచెట్టు, పైన మబ్బు తునక లేని ఆకాశం. ఎంత బాగా వచ్చిందో అని మురిసిపోతూ ఆయన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను.

నాయన చాలాసేపు చూశాడు. "చచ్చినంక గూడా ఆ ఎండలోనేనా నేను నిలబడేది?" అన్నాడు.

ఆయనే మళ్లీ అన్నాడు. "మీయమ్మ పక్కన ఖాళీగానే ఉండాది గదా. నన్ను ఆడ కూకోబెట్టు."

గాలికోసం కాదు ఆయన ఆ మంచం మీద కూర్చునేదని నాకు అప్పుడు తెలిసింది. దుఃఖం వచ్చింది. అది కనబడకుండా గబగబా పనిలో పడ్డాను. బెంచీ ఫొటో మొత్తం నా దగ్గర ఉంది, కుడి సగం కూడా ఉంది, ఇంట్లో కుర్చీలో కూర్చుంటే ఒక్క ఫొటో తీసి అక్కడ పెట్టేస్తానని చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు.

"మీయమ్మను పోయినంక ఎత్తి ఆడ పెట్టినావు. నేను బతికుండాను గదా. నా కాళ్లతో నేను నడిచి పోయి కూకుంటా."

చిక్కంతా అక్కడే వచ్చింది. అమ్మ పటంలో మంచు ఉంది. నాయన ఎండలో కూర్చుంటే రెండు పటాలకూ పొంతన కుదరదు, అతుకు తెలిసిపోతుంది. మంచు పడే రోజే వెళ్లాలి. మా ఊళ్లో మంచు పిలిస్తే వచ్చేది కాదు. పైగా నాయనకు ఉబ్బసం. చలిగాలి తగిలితే చాలు, పిల్లికూతలు మొదలవుతాయి. ఆ ఏడు అప్పటికే ఒకసారి ఆస్పత్రిలో పెట్టి తీసుకొచ్చాం. వచ్చే చలికాలందాకా ఆగుదామని నేను ఆయనతో అనలేను. అప్పటికి ఉంటాడో లేదో అన్న భయం నాకూ ఉంది, ఆయనకూ ఉందని తెలుసు. పొద్దున్నే చలిలో ముసలాయన్ను తిప్పుతావా అని మా ఆయన కేకలేశాడు. నాయన వినిపించుకోకుండా స్వెటరు మీద కంబళి కప్పుకుని, రోజూ తెల్లవారకముందే వాకిట్లో నిలబడి ఆకాశం చూసేవాడు. ఎన్నో రోజులు అలా చూసి, "ఈ పొద్దు లేదులే" అని లోపలికి వచ్చేవాడు. పంటకోసం వాన చూసినట్టే చూశాడు.

చివరికి సంక్రాంతి దాటాక, కాలం కాని కాలంలో ఒక జల్లు పడింది. మర్నాడు లేచేసరికి ఎదురింటి మేడ కనబడటం లేదు. ఆటోలో పార్కుకు వెళ్లాం. నాయన ఉతికిన పంచె కట్టుకుని, తువ్వాలు భుజాన వేసుకుని, నా చెయ్యి కూడా పట్టుకోకుండా నడిచాడు. మధ్యలో రెండుచోట్ల ఆగి ఊపిరి పీల్చుకున్నాడు.

కాగితంపూల పొద అలాగే ఉంది. దాని ముందు బెంచీ లేదు. కొత్తగా సిమెంటు చదును చేసి ఉంది, అంతే. పాత రాతి బెంచీలన్నీ పండక్కు ముందే పీకి ట్రాక్టర్లో ఎత్తుకుపోయారని, ఇనుపవి వస్తాయని తోటమాలి చెప్పాడు. నాకు ఒళ్లు మండింది. ఆయన తప్పేమీ లేకపోయినా నాలుగు మాటలు ఆయన్నే అన్నాను. తర్వాత నాయన వైపు తిరిగి, "పోదాం పా నాయనా, చలి ఎక్కువైతాంది" అన్నాను.

నాయన కదల్లేదు. "బెంచీ నీ కంప్యూటర్లో ఉండాది అంటివి గదా?"

"ఉండాది."

"ఇన్నేండ్లు బెంచీ తెచ్చి మనిషిని అతికిచ్చినావు. ఈ పొద్దు మనిషొచ్చినాడు. బెంచీ అతికిచ్చలేవా?"

తోటమాలికి నవ్వొచ్చింది. షెడ్డులోంచి తన ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి సిమెంటు మీద వేశాడు. అమ్మ ఆ పెళ్లిలో కూర్చున్నది కూడా అట్లాంటి కుర్చీలోనే. నాయన కూర్చుని, పంచె సర్దుకుని, "మీయమ్మ యా పక్క?" అని అడిగాడు.

"నీ కుడిచేతి పక్క."

ఆయన లేచి కుర్చీని ఎడమకు ఇంకొంచెం జరుపుకున్నాడు. ఎందుకని అడిగితే, "ఆమెకు కాళ్లు సాపుకుని కూకునే అలవాటు" అన్నాడు.

కెమెరాలోంచి చూస్తుంటే నాకు ఏమీ కనబడలేదు. కొంగుతో కళ్లు తుడుచుకుని, మంచు కెమెరాకు పట్టిందని అబద్ధం చెప్పాను. నా వైపు చూడమన్నాను. చూశాడు, ఆధార్ కార్డులోలాగే బిగుసుకుపోయాడు. ఎన్ని తీసినా అదే ముఖం. ఇక చాలులే అని నేను కెమెరా దించబోతుంటే, ఆయన కుడిపక్కకు తిరిగి మెల్లగా ఏదో అన్నాడు. ఏమన్నాడో నాకు వినబడలేదు. నొక్కేశాను. అదే మంచి ఫొటో.

స్టూడియోలో కుర్చీ తీసేసి, రాతి బెంచీని ఆయన కిందికి తెచ్చాను. అతుకు కుదిరిందో లేదో చూసుకోవడానికి అమ్మ ఫొటోనూ అదే ఫైలులో పక్కన పెట్టాను. వెలుతురు కలిసింది, మంచు కలిసింది. నాయన ఏదో అన్నాడు, అమ్మ అది విని నవ్వుతోంది. ఆ పెళ్లిలో ఆమె ఎవరిని చూసి నవ్విందో ఇప్పటికీ నాకు తెలియదు, నాయన్ను అడగలేదు కూడా.

పటం వచ్చాక తగిలించే దగ్గర గొడవైంది. దండ వేసిన పటం పక్కన బతికున్న మనిషి పటం పెట్టకూడదు, అరిష్టం అని మా మేనత్త ఫోన్లో అరిచింది. ఆ మాట నాకూ మనసులో ఉంది. బీరువాలో దాచుదామన్నాను. నాయన సుత్తి తెచ్చి నా చేతిలో పెట్టాడు. "దండ ఆమెకే ఎయ్యి, నాకొద్దు. ఆమె ఒక్కతే ఎన్నాళ్లు కూకుంటాది?" అన్నాడు.

మేకు కొట్టి తగిలించాను. ఆయన మంచం మీద నుంచి చూస్తూ పైకి, కిందికి అని చెప్పి, బెంచీ గీత రెండు పటాల్లోనూ ఒకే ఎత్తున కలిసేదాకా సరిచేయించాడు. ఆ తర్వాత "ఇంకొంచెం దగ్గరికి జరుపు" అన్నాడు.

"ఇంతకంటే జరగవు నాయనా. ఫ్రేముల చెక్కలు అడ్డం."

ఆయన దగ్గు అణుచుకుని అన్నాడు. "ఉండనీలే. ఆ పొద్దుకి చెక్కలు తీసేసి ఇద్దరికీ కలిపి ఒకే పటం కట్టిచ్చు."

అట్లనే నాయనా అన్నాను. ఆ ఫైలు ఇప్పటికే సిద్ధంగా ఉందని మాత్రం ఆయనకు చెప్పలేదు.