మెడకా, తలకా

మనీలా రేవులో ఉన్ని సరుకు దిగిందంటే లూమింగ్‌ని పిలవాల్సిందే. కస్టమ్స్ పనులు చూసే ఏజెంటు దగ్గర ఆమె కొలువు అదే. పెట్టె విప్పి, బట్టను వేళ్ళతో నలిపి, ఇది అల్లింది, ఇది నేసింది, ఇది శాలువా, ఇది మఫ్లరు అని తేల్చి, ఏ పద్దులో రాయాలో చెప్పాలి. పద్దు తప్పితే సరుకు షెడ్డులోనే మూలుగుతుంది. యాభై దాటినా ఆమె పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగే ధైర్యం ఎవరికీ లేదు, ఆ నోటికి జడిసి.

ఆ వేసవిలో ఓ వింత పెట్టె వచ్చింది. నిండా ఉన్నితో అల్లిన గొట్టాలు, రెండు పక్కలా నోరు తెరుచుకుని. చేతికి వదులు, నడుముకి బిగువు.

పక్కన పనిచేసే నెనిటా ఒకటి తీసి నెత్తిన పెట్టుకుంది. "ఎలా ఉన్నానక్కా?"

"అన్నం పొంగి మూత జారిన కుండలా ఉన్నావు. తియ్యి."

తనిఖీ అధికారి బల్తసార్ నవ్వలేదు. "మెడకి తొడిగేదైతే మఫ్లర్లతో కలిపి రాయాలి. తలకైతే టోపీల పద్దు, అది పూర్తిగా వేరు. ఊహించి రాస్తే నేను ఒప్పుకోను, లూమింగ్."

"చెమటలు కక్కే ఊళ్ళో పుట్టినదాన్ని, నాకేం తెలుసు సారూ?"

"చలిదేశంలో బతికినవాళ్ళని అడుగు. సాయంత్రంలోగా చెప్పు."

లూమింగ్ ఒక గొట్టం తీసి సంచిలో వేసుకుంది. అలాంటి మనిషి ఆమెకి ఒక్కడే తెలుసు. సెవేరో.

ఒక్క ప్రయాణం చేసొచ్చి పెళ్ళాడతానని ఉత్తర సముద్రంలో చేపల ఓడెక్కిన మహానుభావుడు. తల నెరిసేదాకా రాలేదు. ఇప్పుడు వచ్చి నవోతాస్‌లో వలలు బాగుచేసుకుంటున్నాడు. జీప్నీ బండి ఎక్కితే ఎంతో దూరం లేదు. అయినా ఆమె వెళ్ళలేదు, అతను రాలేదు. ఆ చలిలో తను ఒక్కసారైనా అతనికి గుర్తొచ్చిందా, లేక ఇంకెవరైనా పక్కన ఉన్నారా? ఇన్నేళ్ళుగా ఆమెని తొలిచేస్తున్నది అదొక్కటే. అడగడానికి అహం అడ్డం. ఈ గొట్టం పుణ్యాన వెళ్ళడానికి ఓ సాకు దొరికింది.

సెవేరో గుడిసె ముందు ఎండుచేపలు ఆరుతున్నాయి. ఆమెని చూసి వల వదిలేసి లేచాడు.

"లూమింగ్! నువ్వేనా?"

"కాదు, నా దయ్యం. కూచో, పనిమీద వచ్చాను. నీకోసమేం కాదు." సంచిలోంచి గొట్టం తీసింది. "ఇది మెడకా, తలకా?"

అతను దాన్ని అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత దగ్గరికొచ్చి, దాన్ని ఆమె తలమీంచి మెడలోకి దింపాడు. లోపల చిక్కుకున్న జుట్టుని వేలితో మెల్లగా బయటికి తీశాడు. అంచు పైకి లాగి చెవులు కప్పాడు. వలల మోకులు లాగి లాగి మొరటుబారిన ఆ చేతులు ఇంత మెత్తగా కదులుతాయని ఆమె అనుకోలేదు.

"మెడకే. గాలి కొడితే చెవులదాకా లాక్కుంటారు."

ఆమెకి తెలిసిపోయింది. ఆ వేళ్ళు కొత్తగా నేర్చుకుంటున్న వేళ్ళు కావు. ఎన్నో ఉదయాలు ఎవరి జుట్టో ఇలాగే సర్దిన వేళ్ళు.

"ఎవరికి తొడిగేవాడివి?" అంది.

అతను వలకేసి చూశాడు. "అక్కడ పెళ్ళయింది నాకు. మంచి మనిషి. పోయింది."

"నేనో?"

"మొదట్లో రోజూ గుర్తొచ్చేదానివి, లూమింగ్. తర్వాత అప్పుడప్పుడూ. అబద్ధం చెప్పలేను."

"చెప్పాల్సింది. నోరేం అరిగిపోయేది కాదు."

అతను గ్లాసు అందుకున్నాడు. "కాసేపు కూచో. కలమన్సీ నిమ్మనీళ్ళు కలుపుతాను."

"వద్దు. ఇది పరాయి సరుకు, షెడ్డులో పెట్టాలి," అని వెనుదిరిగింది. గొట్టం మాత్రం తియ్యలేదు. అతను చెవులదాకా లాగిన అంచు అలాగే ఉంది.

జీప్నీలో జనం పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. ఎదురుగా కూచున్నావిడ, "జ్వరమా అమ్మా?" అంది.

"అవును, అంటుకుంటుంది, దూరం జరుగు," అంది లూమింగ్. చెమట ధారలు కడుతున్నా, రేవు గేటు దగ్గర దిగేదాకా దాన్ని మెడలోనే ఉంచుకుంది. దిగాక తీసి, చక్కగా మడిచింది.

"మెడకే సారూ. మఫ్లర్లతో రాయండి," అని బల్తసార్ ముందు పెట్టింది.

ఆయన దాన్ని చేత్తో తడిమి ముఖం చిట్లించాడు. "ఇదేమిటి, ఇంత తడిసిపోయింది?"

"బయట ఎండ," అంది ఆమె, తర్వాతి పెట్టె తాళ్ళు విప్పుతూ.