కౌంటీ కింద కాదు, పక్కన

నేనుండే చాండ్లర్ నుంచి గంటంపావు డ్రైవ్ దూరంలో, మన జిల్లాలాంటి ఒక కౌంటీ ఎమర్జెన్సీ ఆఫీసులో నేను రెండేళ్లు కాంట్రాక్టు మీద పనిచేశాను. కార్చిచ్చు వచ్చినా, వరద వచ్చినా, కరెంటు పోయినా ఎవరు ఎవరికి కబురు పెట్టాలి, ఎవరి వినతిని ఎవరు మంజూరు చేయాలి అన్నది చూసుకునే సాఫ్ట్‌వేర్ రాయడం నా పని.

దీనంతటికీ మూలం ఎప్పుడో ఒక అధ్యక్షుడు జారీచేసిన ఆదేశం. ఫెడరల్ ప్రభుత్వం, రాష్ట్రాలు, కౌంటీలూ ఊళ్లూ, ఆదివాసీ ప్రభుత్వాలు ఆపద వేళ ఎవరి పద్ధతి వారిది అనకుండా ఒకే పద్ధతిలో, ఒకే మాటలతో పనిచేయాలని దాని సారాంశం. పాటించకపోతే గ్రాంట్లు ఆగిపోతాయి, అందుకని అందరూ బుద్ధిగా పాటిస్తారు. చేరిన మొదటి వారమే దాన్ని ప్రింటు తీసుకుని అన్నం తింటూ చదివాను. లంచ్ రూములో నా ఎదుటి కుర్చీలో ఎవరూ కూర్చునేవారు కాదు కాబట్టి చదువు నిరాటంకంగా సాగేది. వాళ్లకు నా మీద కోపమేమీ లేదు. ఎలా ఉన్నావని నవ్వుతూ అడిగి, నేను నోరు తెరిచేలోపు దాటిపోయేవారు, అంతే.

ఇంట్లోనూ నేనొక్కదాన్నే. పెళ్లి నాలుగేళ్లకే ముగిసింది, పిల్లలు లేరు. ఆదివారం తెలుగు చర్చిలో ఆంటీ అని పిలిచే పిల్లలుండేవారు, డబ్బాలో పులిహోర సర్ది ఇచ్చే అక్కలుండేవారు. సోమవారం నుంచి శనివారం దాకా నా ఫోన్ మోగిందంటే ఆఫీసైనా అయ్యుండాలి, కారు ఇన్సూరెన్సు అమ్మేవాడైనా అయ్యుండాలి.

సాఫ్ట్‌వేర్‌లో మా పక్కనున్న, సొంత ప్రభుత్వం ఉన్న ఆదివాసీ నేషన్‌ను ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వచ్చినప్పుడు నేను క్షణం కూడా ఆలోచించలేదు. నా చిన్నతనమంతా ఏజెన్సీలో గడిచింది. నాన్న అక్కడి ఆశ్రమ పాఠశాలలో టీచరు. నాకు తెలిసిన ప్రభుత్వమంటే పైన ఢిల్లీ, దాని కింద రాష్ట్రం, దాని కింద కలెక్టరు, ఆయన కింద ఐటీడీఏ ఆఫీసు, అందరికన్నా కింద కొండమీది గూడెం. ఆ బొమ్మనే ఇక్కడా గీశాను. నేషన్‌ను కౌంటీ కింద పెట్టాను. ఆదేశంలో ఆ ప్రభుత్వాల పేర్లన్నీ ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. మెట్ల వరసగా పేర్చింది నేనే. టెస్టింగ్‌లో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

జూలైలో ఒక మధ్యాహ్నం, మాడు పగిలే ఎండలో, ఆ నేషన్ ప్రాంతమంతా కరెంటు పోయింది. వాళ్ల ఎమర్జెన్సీ అధికారి అరవై దాటిన ఆవిడ. అంతకుముందు ఒక డ్రిల్‌లో దూరం నుంచి చూశాను. ఒంటరిగా ఉండే ముసలివాళ్లను కమ్యూనిటీ హాలుకు చేర్పించి, జనరేటర్ కావాలని ఆవిడ సాఫ్ట్‌వేర్‌లో వినతి పెట్టింది. నేను రాసిన ప్రకారం అది కౌంటీ మంజూరు కోసం వెళ్లి కూర్చుంది. మంజూరు చేయాల్సిన మనిషి ఎక్కడో కార్చిచ్చు దగ్గర ఉన్నాడు. జనరేటర్లు ఉన్న రాష్ట్ర డిపోకు ఆ వినతి కనిపించనే లేదు. రెండు గంటలు గడిచాక ఆవిడ టెక్నికల్ హెల్ప్ నంబరుకు ఫోన్ చేసింది. ఎత్తింది నేను.

"నా రిక్వెస్ట్ కౌంటీ దగ్గర ఎందుకుంది?"

"అప్రూవల్ కోసమండీ."

"ఎవరి అప్రూవల్? మేం కౌంటీ కింద లేం. పక్కన ఉన్నాం." గొంతు పెంచలేదు. "ఇక్కడ ఒకాయన ఆక్సిజన్ మెషీన్‌కి బ్యాటరీ అయిపోవస్తోంది. ముందు దీన్ని కదుపు. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం."

ఎవరి అనుమతీ అడగకుండా, వినతి నేరుగా రాష్ట్ర డిపోకు వెళ్లేలా మార్చేశాను. పది నిమిషాలు కూడా పట్టలేదు. జనరేటర్ వెళ్లింది. అది చేరేసరికే ఆ పెద్దాయనను అంబులెన్స్‌లో తీసుకెళ్లారు.

ఆఫీసు రిపోర్టులో తప్పు నాదేనని నా పేరు రాశాను. నన్ను ఆ ఆఫీసుకు పంపిన కన్సల్టెన్సీ మేనేజరు అల్ఫారెట్టా నుంచి ఆ సాయంత్రమే ఫోన్ చేశాడు. మనవాడే.

"రిపోర్ట్‌లో మీ పేరెందుకు వేసుకున్నారండీ? రిక్వైర్‌మెంట్ అట్లనే వచ్చిందని రాస్తే అయిపోయేది కదా."

"అట్లా రాలేదు. నేనే పెట్టాను."

"మీ ఇష్టం ఇంక. కాంట్రాక్ట్ రెన్యూవల్ అడిగితే నేనేం చెప్పలేను."

రెన్యూవల్ రాలేదు. దానికి నేను పెద్దగా ఏడవలేదు. నన్ను తినేసింది రిపోర్టులోని ఒక్క వాక్యం: ఒకరిని ఆసుపత్రికి తరలించారు. ఆ తర్వాత ఏమైందో ఎక్కడా లేదు. రోజూ పొద్దున్నే సిస్టమ్ తెరిచి చూసేదాన్ని. మనిషి బతికాడా లేదా అని నమోదు చేసే గడి అందులో లేదు. ఆ సంగతి నాకు తెలియనిది కాదు, గడులన్నీ గీసింది నేనే. మా సూపర్‌వైజరును అడిగితే, ఇన్సిడెంట్ క్లోజ్ అయింది కదా అన్నాడు. చర్చిలో ప్రార్థన మనవులు చెప్పమన్నప్పుడు లేచి నిలబడి, పేరు తెలియని ఒక పెద్దాయన కోసం అన్నాను. బంధువా అని పాస్టరుగారు అడిగారు. కాదన్నాను. ప్రార్థనైతే చేశారు. బయటికొచ్చాక మాత్రం ఆయనెవరని నన్ను ఎవరూ అడగలేదు. అడిగితే అంతా చెప్పుకునేదాన్ని.

చివరి రోజు బ్యాడ్జి అప్పగించేముందు ధైర్యం కూడగట్టుకుని నేషన్ అధికారి ఆవిడకు ఫోన్ చేశాను. నేనెవరో చెప్పాను, తప్పు చేసింది నేనేనని కూడా చెప్పాను.

"తెలుసు, రిపోర్ట్ చదివాను," అంది.

"ఆయన ఎలా ఉన్నారండీ?"

"మంగళవారం ఇంటికొచ్చాడు. మెషీన్ చప్పుడు ఎక్కువగా ఉందని అందరి మీదా విసుక్కుంటున్నాడు."

నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ ఫోన్ పెట్టకుండా ఆగింది.

"కౌంటీ వాళ్లు ఫోన్ చేశారు, స్టేట్ వాళ్లు చేశారు. వాషింగ్టన్ నుంచి ఫామ్ కూడా వచ్చింది, నింపమని," అంది. "ఆయన ఎలా ఉన్నాడని అడిగింది నువ్వొక్కదానివే."

కళ్లు తుడుచుకుని థ్యాంక్సండీ అన్నాను.

"మా వాళ్లయితే ఎండాకాలం పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగి చూసొస్తారు. నువ్వెలా ఉన్నావని చూడ్డానికి ఎవరున్నారు?"

"ఉన్నారండీ, చాలామంది ఉన్నారు," అన్నాను.

ఆవిడ లైన్లోనే ఉంది. వెనకాల ఎవరో కుర్చీలు జరుపుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఎవరూ లేరండీ," అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.