ఆద్య తిరుగు టికెట్

2022 ఏప్రిల్. కెనడాలోని మిస్సిసాగాలో ఇడ్లీ హోటలుకూ మందుల షాపుకూ మధ్య ఉన్న నా ట్రావెల్ ఆఫీసులో ఊపిరి సలపని రోజులవి. కోవిడ్ ఆంక్షలు సడలాయి, మన స్టూడెంట్లు విమానాల నిండా దిగుతున్నారు. టికెట్లు కొట్టే పనిలో నాకప్పటికే పద్దెనిమిదేళ్ళు. పాస్‌పోర్ట్ చేతిలోకి తీసుకుంటే చాలు, ఇబ్బంది ఎక్కడుందో ఇట్టే పట్టేస్తానని గర్వం ఉండేది. ఆ గర్వం అణిగిన సంగతి చెబుతాను.

స్రవంతి, నవీన్ ఖమ్మం నుంచి వచ్చిన జంట. ఆమెది హామిల్టన్‌లో కాలేజీ చదువు, అతనిది ఎయిర్‌పోర్ట్ దగ్గర వేర్‌హౌస్‌లో పని. పాప ఆద్య హామిల్టన్‌లోనే పుట్టింది. పురిటికి తోడొచ్చిన స్రవంతి తల్లి సుగుణమ్మగారు తిరిగి వెళ్తూ, ఏడు నెలల పాపను తనతో తీసుకెళ్తానన్నారు. స్టూడెంట్ జంటల్లో ఇది మామూలే. డేకేర్‌లో చోటు దొరకదు, ఇద్దరి షిఫ్టులూ కలవవు, బిడ్డను అమ్మమ్మ చేతిలో పెడతారు. ఆఖరి సెమిస్టర్ అయ్యాక, సెప్టెంబరులో సుగుణమ్మగారే పాపను తీసుకురావాలి. ఆవిడది మల్టిపుల్ ఎంట్రీ వీసా, అంటే ఎన్నిసార్లయినా రావచ్చు.

"ఇన్‌ఫాంట్ టికెట్ అంకుల్, పోను రాను. మా అమ్మ ఒళ్ళోనే కూర్చుంటది," అంటూ స్రవంతి పాప పాస్‌పోర్ట్ ఇచ్చింది. ఇండియా పాస్‌పోర్ట్.

"మంచి పని చేశావమ్మా! కెనడాది తీసుంటే ఇండియా వీసా గోల ఉండేది."

"వాట్సాప్ గ్రూపులో అందరూ అదే చెప్పిన్రు అంకుల్. వచ్చేటప్పుడు అమ్మకు వేసినట్టే పాపకు కూడా విజిటర్ వీసా వేస్తం."

అప్పుడే ఫోన్ మోగింది. ఆ మాట నా చెవిన పడిందిగానీ బుర్రకెక్కలేదు. ఏ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళు ఏ దేశం వెళ్ళాలంటే ఏం కావాలో చూపే స్క్రీన్ ఒకటి మా దగ్గర ఉంటుంది. ఇండియా పాస్‌పోర్ట్, ఇండియా ప్రయాణం అని కొట్టాను. ఏమీ అక్కర్లేదంది. నేను అడిగిందానికే కదా అది జవాబు చెప్పేది! పైగా తల్లిదండ్రులు లేకుండా పాప ప్రయాణం చేస్తోంది కాబట్టి కన్సెంట్ లెటర్ కావాలని గుర్తుచేసి, నోటరీ దగ్గరికి కూడా పంపాను. ఎంత జాగ్రత్త మనిషినో అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఆగస్టులో ఇద్దరూ మళ్ళీ వచ్చారు. స్రవంతి కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"అంకుల్, పాపకు వీసా ఇయ్యం అన్నరు. నా బిడ్డ కెనడా సిటిజన్ అంట. అందుకే కెనడాకు రానియ్యరంట. ఇదేం న్యాయం అంకుల్?"

కాగితం చదివాను. ఇక్కడ పుట్టిన పిల్ల పుట్టుకతోనే ఈ దేశపు పౌరురాలు. సొంత పౌరులకు ఏ దేశమూ వీసా ఇవ్వదు. కెనడా పాస్‌పోర్ట్ లేనిదే విమానం ఎక్కనివ్వరు. పోనీ అది తీద్దామా అంటే, రెండు పౌరసత్వాలను ఇండియా ఒప్పుకోదు. అక్కడ ఇండియా పాస్‌పోర్ట్ సరెండర్ చేయాలి, ఆపైన ఎగ్జిట్ పర్మిట్ రావాలి. అంటే దేశం దాటడానికి అనుమతి. ఒక్కోదానికి ఎన్నాళ్ళు పడుతుందో ఎవరూ చెప్పరు.

నవీన్ గొంతు లేచింది. "విజిటర్ వీసా వేస్తమని మీ ముందరనే చెప్పినం కదా అంకుల్! ఒక్క మాట అంటే ఏమైతుండె?"

నాకు రోషం వచ్చింది. "నేను టికెట్లమ్మేవాణ్ణయ్యా, లాయర్ని కాను!" అనేశాను.

స్రవంతి ఫోన్ తీసి వీడియో చూపించింది. మంచం పట్టె పట్టుకుని పాప లేచి నిలబడుతోంది. "నిలబడుతుంది అంకుల్," అంది, అంతే. సిగ్గుతో నా తల వాలిపోయింది. తప్పు నాది కూడా. అప్పుడే ఆ మాట పైకి అనేసి, నవీన్‌ను కూర్చోమని కాఫీ తెప్పించాను.

స్రవంతి తానే ఇండియా వెళ్తానంది. కానీ చదువైపోయి వర్క్ పర్మిట్ కోసం ఎదురుచూస్తున్న సమయమది. ఇప్పుడు దేశం దాటితే తిరిగి రానిస్తారో లేదోనని భయం. అందుకని పాప కెనడా పాస్‌పోర్ట్ పని ఇక్కడి నుంచే నడిపించాం. తల్లిదండ్రుల పేర్లున్న పెద్ద బర్త్ సర్టిఫికెట్ తెప్పించాం. ఫారాలు నేనే దగ్గర కూర్చుని నింపించాను. ఫోటో రెండుసార్లు తిరిగొచ్చింది. ఒకదాంట్లో పాప నోరు తెరిచింది, ఇంకోదాంట్లో వెనక పట్టుకున్న అమ్మమ్మ వేళ్ళు కనబడ్డాయి. "ఈ పిల్ల నోరు మూయదయ్యా, అచ్చం వాళ్ళమ్మే!" అని ఫోన్‌లో సుగుణమ్మగారు వాపోతే, అన్ని వారాల్లో స్రవంతి నవ్వగా నేను చూసింది అప్పుడొక్కసారే. తిరుగు టికెట్ తేదీ మూడుసార్లు మార్చాను.

చివరికి కెనడా పాస్‌పోర్టూ, ఎగ్జిట్ పర్మిటూ చేతికొచ్చి, జనవరిలో అమ్మమ్మా మనవరాలూ దిగారు. ఎవరూ పిలవకపోయినా నేనూ ఎయిర్‌పోర్ట్‌కు వెళ్ళాను. సుగుణమ్మగారి చంకలో పదహారో నెల పాప, ఉన్ని టోపీలో. స్రవంతి చేతులు చాపింది. పాప అమ్మమ్మ మెడ కరుచుకుంది.

"ఎవర్రా అది? అమ్మ ఏదిరా? అమ్మ!" అన్నారు సుగుణమ్మగారు.

పాప తలెత్తి చూసింది. వేలు చాపి, స్రవంతి చేతిలోని ఫోన్‌ను చూపించింది.

నవీన్ అటు తిరిగిపోయాడు. స్రవంతి ఫోన్ సంచిలో పడేసి, "ఇగో, నేనిక్కడున్న బిడ్డా," అంటూ అక్కడే నేల మీద కూలబడింది.

ఆ రోజు నుంచీ, చంటిపిల్లతో ఎవరొచ్చినా స్క్రీన్ ముట్టుకోను. ముందు పాప ఎక్కడ పుట్టిందో అడుగుతాను, తిరిగి ఏ పాస్‌పోర్ట్ మీద వస్తుందో అడుగుతాను. మొన్నొక కుర్రాడు విసుక్కున్నాడు. "టికెట్ అడిగితే జాతకం అడుగుతారేంటి అంకుల్?"

ఫోన్ మోగుతోంది. మోగనిచ్చాను.

"చెప్పు బాబూ. పాప ఎక్కడ పుట్టింది?"